గడపలు – గృహములు: ద్వారబంధమందలి చర్మలేఖ

గడచిన శ్రావణమాసపు సంచికలో గడపకు పసుపు పూయుట, మామిడాకుల తోరణము కట్టుట మున్నగు మన యాచారములను గూర్చి ముచ్చటించితిని. అది చదివి, అమెరికాదేశమున న్యూజెర్సీ రాష్ట్రమందు కుమారునియొద్ద నుండు తెనాలి ప్రాంతపు సోదరీమణి యొకరు నాకు జాబు వ్రాసిరి. జాబు పొడుగైనది, అందు సగము మనుమరాలి ముద్దుమాటలే. మిగిలిన సగము చదివిన పిమ్మట నా కారోజు మఱియొక పని తోచలేదు. వారి యనుమతితో దాని సారము నిక్కడ చెప్పుచున్నాను.

వారు కాపురముండు నిల్లు ఒక యూదు వృద్ధురాలిది. ఆమె మేడమీద నుందురు. వీరు క్రిందివాటాలో నుందురు. వీధిగుమ్మము ఇరువురకు నుమ్మడిది. ఆ గుమ్మపు ద్వారబంధమునకు, లోనికి బోవునపుడు కుడిచేతి ప్రక్కను, భుజమెత్తున, జానెడు పొడవు గల కొయ్యగొట్టమొకటి కొంచెము వాలుగా బిగింపబడియున్నది. ఇల్లుగలావిడ వచ్చునపుడును పోవునపుడును దానిని వ్రేళ్లతో తాకి, ఆ వ్రేళ్లను ముద్దుపెట్టుకొందురు. మన సోదరి యది చూచి, ఇది వీరి ద్వారలక్ష్మి కాబోలు ననుకొనిరి. అనుకొని యూరకుండిన బాగుండెడిది. ప్రతి శుక్రవారమును గడపతోపాటు ఆ గొట్టమును గూడ తడిగుడ్డతో తుడిచి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్ట నారంభించిరి. మూడు వారములు గడచినవి. నాలుగవ వారము ఇల్లుగలావిడ మెట్లు దిగివచ్చి, పసుపునీరు కారుచున్న గొట్టమును చూచి నిలువబడిపోయిరి. ఏమియు ననలేదు, మొగము మాత్రము పాలిపోయినదట. నాటినుండి పలుకరింపులు తగ్గినవి.

“భక్తితోనే చేసితిని గదా చెల్లీ, అది తప్పా? అబ్బాయి ఇల్లు మారుదమనుచున్నాడు. ఇప్పుడు నేనేమి చేయవలెను?” అని వారి ప్రశ్న.

నేను వెంటనే బదులు వ్రాసితిని. ఇల్లు మారవలదనియు, ఆ సాయంకాలమే మేడమీదికి బోయి జరిగినదంతయు దాచక చెప్పుడనియు, నీరు ఎన్నిమారులు తగిలినదో గూడ చెప్పుడనియు వ్రాసితిని. అట్లేల వ్రాసితినో తెలియవలెనన్న ఆ గొట్టములో నేమున్నదో తెలియవలెను. విదేశములలో కాపురములు చేయు మన యాడువారికి ఇట్టి గుమ్మములు తారసిల్లుట యిప్పుడు వింత కాదు గనుక ఈ మాసమున ఆ విషయమే వ్రాయుచున్నాను.

దానిపేరు మెజూజా. హెబ్రీభాషలో నామాటకు ద్వారబంధపు ప్రక్కకొయ్య అనియే అర్థము. కొయ్య పేరు కొయ్యకు తగిలించిన లేఖకు వచ్చినది. చూచువారికి కనబడు గొట్టము మెజూజా కాదు. అది వెండిదైనను, కొయ్యదైనను, గాజుదైనను వట్టి ఒర మాత్రమే. ఒరలోపల చుట్టియుంచిన చిన్న చర్మపత్రమే మెజూజా. దానిపై యూదుల ధర్మశాస్త్రమగు తోరాలోని ద్వితీయోపదేశకాండమునుండి రెండు భాగములు – 6వ అధ్యాయమున 4 మొదలు 9 వఱకును, 11వ అధ్యాయమున 13 మొదలు 21 వఱకును గల వాక్యములు – వ్రాయబడియుండును. దేవుడొక్కడే యనియు, ఆయనను సంపూర్ణహృదయముతో ప్రేమింపవలెననియు, ఈ మాటలను బిడ్డలకు నేర్పవలెననియు, ఇంటి ద్వారబంధములమీద వ్రాయవలెననియు వాని తాత్పర్యము. ఈ యాచారము నిన్న మొన్నటిది కాదు. మృతసముద్రపు టొడ్డున కుమ్రాన్ గుహలలో దొరకిన ప్రాచీన లేఖలలో మెజూజా యొకటి కలదు. దాని వయస్సు ఇంచుమించు రెండువేల యేండ్లు.

చర్మమనగానే మనలో కొందఱు ముక్కు ముడుచుకొందురేమో! ఉపనయనమునాడు వటువునకు కృష్ణాజినము నిచ్చువారము మనమే. ఇది వారికి తినదగినదిగా శాస్త్రము చెప్పిన ఆవు, మేక, గొఱ్ఱె మొదలగు జంతువుల చర్మమును శుద్ధిచేసి పలుచన గావించినది. దానిపై మొదట మొనగల పనిముట్టుతో, రంగు లేకుండ, గీతలు గీయుదురు. ఆ గీతలవెంబడి బాతుజాతి పక్షియీకతో గాని రెల్లుకలముతో గాని నల్లసిరాతో వ్రాయుదురు. సిరా చేయు పద్ధతి మన ముత్తవ్వలకు తెలియనిది కాదు. మనవారు కరక్కాయలతో చేసినట్లు వారు మాచికాయల రసము తీసి, అన్నభేదియు తుమ్మబంకయు కలిపి కాచుదురు.

మొత్తము 22 పంక్తులు, 713 అక్షరములు. వ్రాయువానిని సోఫర్ అందురు. అతడు నియమములు నేర్చిన భక్తుడై యుండవలెను. అక్షరములు వరుసతప్పక వ్రాయవలెను. నూఱవ అక్షరము విడిచిపెట్టి ఆఱువందలవ అక్షరమువద్ద దానిని జ్ఞాపకము చేసికొన్నచో, వెనుకకు మరలి చేర్చుటకు వీలులేదు; వ్రాసినదంతయు వ్యర్థమే. దేవాలయమున చదువు పెద్ద తోరాగ్రంథమునందైన తప్పిన అక్షరమును తరువాత చేర్చవచ్చును; ఈ చిన్న చీటికి ఆ సదుపాయము లేదు. ఒక అక్షరము మఱియొకదానిని తాకరాదు. ప్రతి అక్షరమునకు చుట్టును ఖాళీ చర్మముండవలెను. ఒక్క అక్షరము చెడినను మెజూజా చెల్లదు. పండ్రెండుమందికి వండిన పాయసమున ఒక్క బొట్టు కిరోసిన్ పడినట్లే!

ఇందువలననే నేను సోదరికి “దాచక చెప్పుడు” అంటిని. గొట్టముపైని పసుపు తుడిచివేసిన పోవును. నీరు పైరంధ్రమునుండియో మేకుల సందునుండియో లోనికి దిగినచో, లోపలి యక్షరము కరగినను చిట్లినను వెలుపలికి తెలియదు. ఇల్లుగలావిడ తన గుమ్మమున మెజూజా యున్నదను నమ్మికతో ప్రతిదినము వ్రేళ్లు తాకించుచునే యుందురు; లోపల నున్నది చెల్లని చర్మపుముక్క కావచ్చును. అడుగుటకు వారికి మొగమాటము, చెప్పుటకు వీరికి సిగ్గు. ఆ మొగమాటములో నష్టపడునది వారి ధర్మము.

మన యిండ్లలోని తాళపత్రగ్రంథముల పోషణ తెలిసినవారు ఇచ్చట పొరపడుదురు గనుక ఒక్కమాట. తాటాకుమీది యక్షరము గంటముతో గీసినది. గీతలో మసి నింపినది. అందుచేత ఏటేట నిమ్మగడ్డినూనె రాచి, తుడిచి, మసి పూసి, మఱల తుడిచినను అక్షరము పోదు సరికదా, ఇంకను స్పష్టమగును. చర్మలేఖలో సిరా పైననే నిలిచియుండును. నూనె తగిలిన చర్మము మఱకపడును. రుద్దిన సిరా పెచ్చులూడును. తాటాకునకు మేలుచేయు చేయియే దీనికి కీడు చేయును. కర్పూరము, వసకొమ్ము, పసుపు – ఇవి యేవియు గొట్టములో పెట్టరాదు.

చర్మలేఖకు శత్రువులు ఎండ, తేమ, రంగులు వేయువాడు. పడమటి యెండ తగులు గుమ్మమున లోహపు గొట్టము కాగి, చర్మము ముడుచుకొని, సిరా బీటలువారును. బీటలు మొదట వెండ్రుకంత సన్ననివి, కంటికి కనబడవు. వానజల్లు కొట్టు గుమ్మములకు నీరు చొరని గొట్టము నెన్నుకొని, లేఖను పలుచని ప్లాస్టిక్ కాగితమున వదులుగా చుట్టి యుంచుట కలదు. ప్లాస్టిక్ మంచిదే గదా యని రెండు పొరల నడుమ వేడిచేసి అతికించు ‘లామినేషన్’ చేయించినవారు లేఖను చేజేతుల పాడుచేసికొన్నవారే. ఇక రంగులు వేయువాడు గొట్టమును విప్పడు; తలుపుతోపాటు దానికి గూడ రెండుపూతలు పూయును. తరువాత విప్పబోయిన ఉలిదెబ్బలు తప్పవు. రంగులు వేయించుటకు పూర్వమే దానిని తీయించి, ఆరిన పిమ్మట మఱల పెట్టింపవలెను.

లేఖను మడువరు, చుట్టుదురు. హెబ్రీ వ్రాత కుడినుండి యెడమకు పోవును గదా! అందుచేత ఎడమ యంచునుండి మొదలుపెట్టి కుడియంచునకు చుట్టినచో ఆరంభపు మాట పైకి వచ్చును. వెనుకవైపున దేవుని నామములలో నొకటియగు ‘షద్దయి’ యను మాట వ్రాసియుండును; అది వెలుపలికి కనబడవలెను. ఇఱుకుగొట్టములో బలవంతముగా దూర్చినను చర్మము నలగి అక్షరములు చిట్లును. మేకు గొట్టపు చివరలలోని బెజ్జములలో కొట్టవలెను గాని లేఖమీదుగా కొట్టరాదు. ఇది చెప్పవలసిన మాటయా యని నవ్వుదురేమో. తొందరపాటున అట్లు చేసినవారు లేకపోలేదు!

ఎచ్చట పెట్టవలెనో లెక్కయున్నది. గుమ్మపు టెత్తును మూడుపాళ్లు చేసి పైపాలు మొదలగు చోట పెట్టుదురు. ఏడడుగుల గుమ్మమైనచో నేలనుండి నాలుగడుగుల ఎనిమిదంగుళములు. వీధిగుమ్మమునకు మాత్రమే కాదు, స్నానపుగది వంటివి విడిచి, పడుకొను గదులకును వంటయింటికిని గూడ ఉండవలెను. వాలుగా పెట్టుటకు కారణము ఒక తాతమనుమల తగవు. 1105లో మరణించిన రషీ యను ఫ్రాన్సుదేశపు మహాపండితుడు నిలువుగా పెట్టవలెననెను. ఆయన కూతురుబిడ్డయగు రబ్బేను తామ్ అడ్డముగా పెట్టవలెననెను. తరువాతివారు ఇరువురి మాటయు దక్కునట్లు ఏటవాలుగా పెట్టిరి. ఐరోపా యూదుల యిండ్లలో ఇదియే వాడుక. స్పెయినుదేశపు సంప్రదాయమువారు నిలువుగానే పెట్టుదురు. ఇల్లు కలహము లేక నిలువవలెనన్న ఒక మేకు కొంచెము వంగినను ఫరవాలేదని పెద్దలు తలచినట్లున్నది.

లేఖను ఏడేండ్లలో రెండుమారులు విప్పి చూడవలెనని తల్మూదు చెప్పుచున్నది. పదిమంది వాడు గుమ్మములకైనచో ఏబదియేండ్లలో రెండుమారులు చాలును; జనులకు భారము కారాదని ఈ సడలింపు. శ్రద్ధగలవారు ఏటేట ఎలూల్ మాసమున – ఇంచుమించు మన శ్రావణభాద్రపదములలో – చూపించుకొందురు. ఇంటివారు తాము చూచికొనుట గాదు, సోఫర్‌కు చూపింపవలెను. అతడు భూతద్దముతో అక్షరమక్షరము పరీక్షించును. నేడు కంప్యూటరు యంత్రముచేత గూడ చదివింతురు. తప్పిన అక్షరమును, రెండుమారులు పడిన మాటను యంత్రము చక్కగా పట్టును. సిరాలోని సన్నని బీటను పట్టుటకు మాత్రము అనుభవముగల కన్నే కావలెను. మాసిన అక్షరములలో ఏది దిద్దదగినది, ఏది కాదు అను నిర్ణయము అతనిదే. ఇంట కలము తీసికొని నల్లగా దిద్దుట పెద్ద పొరపాటు. అంగడిలో అందమైన గొట్టము కొని, అందులోని యచ్చుకాగితమే మెజూజా యనుకొని మోసపోవువారును కలరు. కాగితముపై అచ్చువేసినది చెల్లదు.

ఇంతకును ఇది ఇంటిని కాపాడు రక్షరేకా యని మీరడుగుదురు. దీనిపై వారిలోనే రెండుమాటలు కలవు. పార్థియారాజగు అర్తబాను యూదాపండితునకు వెలలేని ముత్యమొకటి పంపగా, ఆయన బదులుగా ఒక మెజూజా పంపెననియు, రాజు చిన్నబుచ్చుకొనగా, నీవు పంపినదానికి నేను కాపలాకాయవలెను, నేను పంపినది నీవు నిదురించునపుడు నీకు కాపలాకాయునని చెప్పెననియు పాలస్తీనా తల్మూదులో కథ కలదు. 1204లో మరణించిన మైమోనిడీసు పండితుడైతే ఈ తలంపును గట్టిగా మందలించెను. లోపల దేవదూతల పేర్లు చేర్చి వ్రాయువారు, దేవుని ఏకత్వమును తలపునకు తెచ్చు గొప్ప విధిని తమ లాభముకొఱకు తాయెత్తుగా మార్చుచున్నారని ఆయన కోపము. నాకు మైమోనిడీసు మాటయే నచ్చినది. కాని చీకటిరాత్రి బిడ్డకు జ్వరము వచ్చిన తల్లి గుమ్మమును తాకునపుడు ఏ తలంపుతో తాకునో మైమోనిడీసున కెట్లు తెలియును?

మన చదువరులకు ముఖ్యముగా చెప్పదగినదొకటి. వారి మిష్నా గ్రంథమున స్త్రీలకు కొన్ని విధులనుండి మినహాయింపు కలదు; ప్రతిదినము నియమితకాలమున చదువవలసిన పాఠమును, పురుషులు చేతికిని నొసటికిని కట్టుకొను తెఫిల్లీనును వారికి విధులు కావు. మెజూజా మాత్రము స్త్రీకిని విధియే యని అచ్చటనే స్పష్టముగా చెప్పబడినది. భర్త లేని యిల్లాలు, ఒంటిగా నుండు వృద్ధురాలు గూడ తన గుమ్మమునకు తానే బాధ్యురాలు. మన సోదరిగారి యిల్లుగలావిడ మొగము పాలిపోవుటకు ఇది యొక కారణము.

ఇల్లు విడుచు సమయమున గూడ నియమము కలదు. తరువాత కాపురమునకు వచ్చువారు యూదులని తెలిసినచో పాతవారు తమ మెజూజాలను ఊడదీసికొని పోరాదు. ఇతరమతస్థులు వచ్చునెడల తీసికొనిపోవచ్చును. కాబట్టి ఖాళీయింటిలో చేరిన మన తెలుగువారికి గుమ్మమున రంగుపూతల క్రింద మఱచిపోయిన గొట్టము కనబడినచో, దానిని చెత్తబుట్టలో వేయవలదు, ఉలితో పెకలింపవలదు, పూజయు చేయవలదు. ఇంటి యజమానికో, దగ్గఱి యూదుల ప్రార్థనామందిరమునకో కబురంపిన వారే వచ్చి తీసికొందురు. చెల్లని లేఖను గూడ వారు పాఱవేయరు. దేవునినామముండుటచేత భద్రపఱచి, పిమ్మట భూమిలో పాతిపెట్టుదురు. అట్టి పాతలేఖలు దాచు చోటును గెనీజా అందురు.

ఈ గెనీజాల వలన లోకమునకు కలిగిన లాభమును తలచినపుడెల్ల ఇరువురు స్త్రీలు నాకు జ్ఞప్తికి వత్తురు. ఆగ్నెసు లూయిసు, మార్గరెట్టు గిబ్సను అను స్కాట్లండుదేశపు కవల అక్కచెల్లెండ్రు 1896లో కొన్ని పాతలేఖల ముక్కలు కొని కేంబ్రిడ్జికి తెచ్చి, షెక్టర్ అను పండితునకు చూపిరి. అందొక ముక్క, హెబ్రీమూలము పోయినదనుకొన్న ప్రాచీనగ్రంథపు పుట యని ఆయన గుర్తించెను. ఆ త్రోవనే ఆయన కైరోలోని బెన్ ఎజ్రా మందిరపు గెనీజాకు బోయి లక్షా తొంబదివేలకు పైగా ముక్కలను తెచ్చెను. వానిలో మన దేశపు మాటలును కలవు. పండ్రెండవ శతాబ్దమున మంగళూరులో వ్యాపారము చేసిన అబ్రహాము బెన్ యిజూ అను యూదువర్తకుని జాబులు, ఆయన దాస్యమునుండి విడిపించిన ఆశు అను ఈ దేశపు స్త్రీని గూర్చిన పత్రము గెనీజా లేఖల నడుమ దొరకినవి. పాఱవేయరాదను నియమమే లేకున్నచో ఆశు పేరు మనకు తెలియదు.

ఇక పోయినవాని మాట. పోలండుదేశమున 1939కి పూర్వము ముప్పదిమూడు లక్షల యూదులుండిరి. నాజీలు వారిలో ముప్పదిలక్షల వఱకు చంపిరి. నేటికిని అచ్చటి పాతయిండ్ల ద్వారబంధములలో మెజూజా యుండిన చోట వాలుగా ఒక గుంటయో, మేకుల బెజ్జములో కనబడును. మి పోలిన్ అను సంస్థవారు ఆ గుంటలకు అచ్చులు తీసి, కంచుతో పోతపోసి, అందు క్రొత్తలేఖ నుంచుటకు వీలుగా గొట్టములు చేయుచున్నారు. ఇంటి చిరునామా దానిమీదనే చెక్కుదురు. బెజ్జముమీద చేయి పెట్టి నిలిచిన మనుమరాండ్రు ఎందఱుందురో!

మన తెలుగునేలకు ఈ విషయము బొత్తిగా పరాయిది కాదు. గుంటూరు మండలమున చేబ్రోలు చేరువ కొత్తరెడ్డిపాలెమున బెనే ఎఫ్రయీము అని తమను చెప్పుకొను తెలుగు యూదులు కలరు. వారికొక ప్రార్థనామందిరమును గలదు.

ఇంతవఱకు వ్రాసి ముగింపబోవుచుండగా న్యూజెర్సీ సోదరినుండి రెండవజాబు వచ్చినది. పులిహోర వండి పట్టుకొనిపోవలదనియు, వారి యాహారనియమములు వేఱనియు, కోయని పండ్లు తీసికొనిపోవచ్చుననియు నేను ముందే హెచ్చరించితిని. నాలుగు నారింజలతో మేడ యెక్కిరట. కోడలు మాటలు తర్జుమా చేసినది. ఇల్లుగలావిడ కోపగింపలేదు. ఆ గొట్టము కాపురమునకు వచ్చిన యేట భర్త స్వహస్తముతో కొట్టినది. ఆయన పోయిన తరువాత విప్పించుటకు చేతులు రాక అట్లే వదలివేసితిననియు, పసుపునీరు చూచినపుడు తన యశ్రద్ధయే తనకు తోచినదనియు చెప్పి కన్నీరు పెట్టుకొనిరట.

మఱునాడు సోఫర్ వచ్చి విప్పెను. అడుగుపంక్తిలో రెండక్షరములు నీటికి అలికిపోయినవి. పైపంక్తులలో ఎనిమిదిచోట్ల బీటలుండెను. అవి నీటివలన వచ్చినవి కావనియు, ఎన్నో యేండ్ల యెండకు వచ్చినవనియు అతడు చెప్పెను. ఆ లేఖ మన సోదరి తడిగుడ్డ తగులుటకు చాలముందే చెల్లనిదైనది. దానిని గెనీజాకు పంపిరి. క్రొత్తలేఖ వచ్చినది, గొట్టము మాత్రము భర్త పెట్టినదే యుండవలెనని ఇల్లుగలావిడ పట్టుపట్టిరి. ఆమెయే మేకులు కొట్టిరట. మన సోదరి క్రింద పీట కదలకుండ పట్టుకొనిరట. కొయ్యమీద పసుపుమఱక కొంచెము మిగిలియున్నది. దానిని తుడువబోయిన వారిని ఇల్లుగలావిడ వారించి, అది అట్లే యుండనిమ్మనిరి.